అవును అనలేని ప్రశ్న

మేష్టారు తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతా మొదటి వారం ఒక ఆట ఆడించేవారు. ఎదుటి మనిషిని పది ప్రశ్నలు అడగాలి. ఒక్కదానికి కూడా ‘అవును’ అనో ‘కాదు’ అనో జవాబు రాకూడదు. వస్తే ఓడినట్టు. ఓడినవాళ్ళు అందరికీ టీ తేవాలి.

ఆయన బడిపంతులు కారు. ఆర్థిక సలహాదారు. జనం దాచుకున్న డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు తీయాలో చెప్పడం ఆయన పని. ఆ పని మరొకరికి నేర్పేవారు కాబట్టి ఆఫీసులో అందరూ మేష్టారు అనేవారు.

“డబ్బు దగ్గర అవును అన్న మాటకు విలువ లేదు. భయమేసినా అవునంటారు. అర్థం కాకపోయినా అవునంటారు. బస్సుకు టైమైపోతున్నా అవునంటారు. సొంత మాటల్లో చెప్పించు, అప్పుడు నమ్ము,” అనేవారు.

ఆ ఆటలో అందరికన్నా ఎక్కువసార్లు టీ తెచ్చింది కొత్తమ్మాయి. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆఫీసులో అందరికన్నా చివర చేరింది కాబట్టి ఆ పేరు పడింది. అంతకుముందు పదకొండేళ్ళు పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేసింది. నోట్లో దూది, గొట్టం పెట్టుకుని పడుకున్న మనిషిని ‘నొప్పి ఎలాంటిదో చెప్పండి’ అని అడిగి లాభం లేదు. ‘ఇక్కడేనా? లాగుతోందా? ఆపమంటారా?’ అనే అడగాలి. వాళ్ళు ‘ఆఁ’ అంటారు. ఆ అలవాటు ఆమె నాలిక మీది నుంచి పోలేదు.

“నీ ముందు కూర్చున్నవాళ్ళ నోట్లో దూది లేదు తల్లీ. మాట్లాడనియ్యి,” అనేవారు మేష్టారు.

ఆమె రాత పరీక్ష పాసయింది. ఇక మేష్టారి కింద ఆరు కేసులు పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది, సొంతంగా సలహా ఇవ్వచ్చు. నెలాఖరు దాటితే శిక్షణ ఒప్పందం రద్దవుతుంది, మళ్ళీ మొదటి నుంచి. అయిదు అయ్యాయి. ఆరోది టైలరమ్మ.

టైలరమ్మ డెబ్బై దాటిన మనిషి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికింది. పెళ్ళి చేసుకోలేదు. కొట్టు అమ్మిన డబ్బు, దాచుకున్న డబ్బు కలిపి ఒక డిపాజిట్‌లో వేసింది. నెలనెలా దాని మీద వచ్చేదే ఆమెకు తిండి, మందులు, కరెంటు బిల్లు. ఆరు నెలల కిందట మొదటిసారి ఆఫీసుకు వచ్చినప్పుడు ఒంటరిగా వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే కళ్ళజోడులోంచి కొత్తమ్మాయిని కింది నుంచి పైదాకా చూసింది.

“ఆ కోటు నీది కాదు కదమ్మాయ్?”

అది కొత్తమ్మాయి ఆడపడుచుది.

“మీకెలా తెలిసిందమ్మా?”

“నీ భుజాలు ఇంటి దగ్గరున్నాయి, కోటు భుజాలు వీధి చివరున్నాయి. ఇద్దరు పట్టే కోటు. ఇంకొకళ్ళని అద్దెకి పెట్టుకో.”

ఆ రోజు ఆమె డబ్బు గురించి మాట్లాడింది తక్కువ. తను పోయేదాకా నెలనెలా వచ్చేది ఆగకూడదు, అంతే. “నేను పోయాక ఏం మిగిలినా నా మిషనుకి రాసేయ్, అదొక్కటే నాకు ఎదురు చెప్పలేదు,” అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. “నువ్వు పాసైతే కోటు నేనే కుడతా. గుడ్డ నువ్వు తెచ్చుకో. కుట్టుకూలి వద్దు. నల్లది తేకు, నల్లగుడ్డలో నా కళ్ళకు కుట్టు కనబడదు.”

రెండోసారి వచ్చినప్పుడు పక్కన చెల్లెలి కొడుకు ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి. పెద్దమ్మ కోసం కుర్చీ లాగాడు. నీళ్ళ గ్లాసు ఆమె చేతికి అందేలా జరిపాడు. ఈ మధ్యే ఆమె ఇంటికి మారానని చెప్పాడు.

“పెద్దమ్మకి సరిగ్గా వినబడట్లేదండి. నేను చెప్తాను, మీరు రాసుకోండి.”

డిపాజిట్ మొత్తం తీసి అతని ఖాతాలోకి మార్చాలి. అతను గిడ్డంగి పెడుతున్నాడు. నెలనెలా పెద్దమ్మకు తనే ఇస్తాడు, ఇప్పుడొచ్చేదానికన్నా ఎక్కువే. టైలరమ్మ గ్లాసు వంక చూస్తూ కూర్చుంది.

ఇలాంటప్పుడు చేయాల్సిన పని మేష్టారు నేర్పారు. పక్కన వచ్చిన మనిషిని జిరాక్సు తెమ్మని కిందికి పంపాలి. అతను తిరిగొచ్చేలోగా డబ్బు ఎవరిదో ఆ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆఫీసులో జిరాక్సు మిషను ఉంది. అయినా కిందికే పంపాలి.

“ఒక కాపీ కావాలండి. కింద...” అంది కొత్తమ్మాయి.

“అన్నీ రెండేసి కాపీలు తెచ్చానండి,” అని అతను సంచి తెరిచాడు.

ఆమెకు ఇంకేం తోచలేదు. మేష్టారు పక్కగదిలో వేరేవాళ్ళతో ఉన్నారు. ఇంకా ఫోన్ ఉంది కదా అనుకుంది. డబ్బు కదిలేముందు సలహాదారు ఖాతాదారుకు ఫోన్ చేసి మాట తీసుకోవాలి. ఆ మాట రికార్డవుతుంది. అది తీసుకున్నట్టు కంప్యూటర్‌లో నొక్కితే డబ్బు దానంతటదే వెళ్ళిపోతుంది.

గురువారం ఫోన్ చేసింది. నొక్కింది. సోమవారం మధ్యాహ్నం డబ్బు మారుతుంది.

శుక్రవారం ఆ రికార్డింగు పెట్టుకుని విన్నది. కేసు అప్పగించేముందు ఎవరి ఫోను వాళ్ళు వినాలన్నది ఆఫీసు పద్ధతి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఆరో కేసు అయిపోయిందన్న నిశ్చింతతో వాలింది.

“డిపాజిట్ మొత్తం తీయమన్నది మీరే కదమ్మా?”

“అవును.”

“నెలనెలా వచ్చేది ఇక రాదని తెలుసు కదా?”

“అవును.”

“మీ ఇష్టంతోనే కదా?”

“అవును.”

ముందు సిగ్గేసింది. అన్నీ పళ్ళ డాక్టరు ప్రశ్నలే. మేష్టారు వింటే ఇంకో వారం టీ తెప్పిస్తారు అనుకుంది. అప్పుడు రికార్డింగులో తన గొంతే నవ్వుతూ ఇంకో మాట అడిగింది. పని అయిపోయాక, పెట్టేసేముందు, ఊరికే అడిగిన మాట.

“కోటు గుడ్డ కొనేశానమ్మా. ఏ రంగు కొన్నానో చెప్పుకోండి చూద్దాం?”

“అవును.”

కొత్తమ్మాయి రికార్డింగు ఆపింది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. ఆ ఫోను మొత్తంలో అవును అనలేని ప్రశ్న అదొక్కటే. దానికీ అవునే. గురువారం అది తనకు వినబడలేదు. తన నవ్వు తనకు అడ్డమొచ్చింది.

మూడోసారి విన్నప్పుడు ఇంకొకటి వినబడింది. ప్రతి ‘అవును’కీ ముందు బల్ల మీద వేలితో కొట్టినట్టు చిన్న చప్పుడు. చప్పుడు, తర్వాత మాట.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మేష్టారు గది అద్దంలోంచి కనబడుతోంది. లేచి వెళ్ళి చెప్పచ్చు. చెప్తే ఫోను చెల్లదు, కేసు చెల్లదు, నెలాఖరుకి ఇంకో వారమే ఉంది. చప్పుడు ఫ్యానుదేమో. ముసలావిడకు నిజంగానే వినబడలేదేమో. ఆమె కూర్చునే ఉంది. మేష్టారు గదికి తాళం వేసి, “సోమవారం వింటా నీ ఫోను,” అని వెళ్ళిపోయారు.

ఇంటి దగ్గర కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. ఆమె భర్త బడిబస్సులు బాగుచేసే షెడ్డులో మెకానిక్. షెడ్డు వెనకే ఇల్లు.

“ఏమైంది? మళ్ళీ నువ్వే టీ తెచ్చావా?” అన్నాడు.

చెప్పింది. అతను వింటూ చేతి గోళ్ళలో గ్రీజు గీక్కున్నాడు.

“ఊరికే అనుమానమేమో అండీ,” అంది చివర.

“అనుమానమైతే మంచిదే. నేను బోల్టు బిగించానా లేదా అని అనుమానమొస్తే ఏం చేస్తాననుకున్నావ్?”

“వెళ్ళి చూస్తారు.”

“అంతే. పిల్లలెక్కే బండి. పొద్దున్న నన్ను తోడు రమ్మంటావా?”

“వద్దు. మగమనిషిని తీసుకొస్తే అతను బిగుసుకుంటాడు. నేను కోటు కొలతలకని వెళ్తా.”

“గంటలో ఫోన్ చెయ్యకపోతే షెడ్డు మొత్తం వచ్చేస్తుంది. జాకీలతో సహా,” అన్నాడు. నవ్వించాలని చూశాడు. ఆమె నవ్వలేదు. బీరువా తెరిచి గుడ్డ తీసి సంచిలో పెట్టుకుంది. ఆకుపచ్చ గుడ్డ.

టైలరమ్మ ఇల్లు సైకిళ్ళ షాపు పైన రెండో అంతస్తు. మెట్ల మీద వెలుతురు లేదు. తలుపు దగ్గరికి వచ్చాక కొత్తమ్మాయి గంట నొక్కబోయి ఆగింది. తలుపుకు బయటివైపు తాళం కొక్కెం ఉంది. కొత్తది. దాని స్క్రూలు మెరుస్తున్నాయి. వాటి చుట్టూ రాలిన చెక్కపొడి ఇంకా గడప మీదే ఉంది.

వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది. మెట్లు అక్కడే ఉన్నాయి. గంట నొక్కింది.

చెల్లెలి కొడుకు తలుపు తీశాడు.

“మేడమ్! మీరా? శనివారం కూడా పనేనా?”

“పని కాదండి. కోటు కుడతానన్నారు అమ్మ. కొలతలిద్దామని వచ్చా.”

“పెద్దమ్మ ఇప్పుడు కుట్టడం లేదండి. పెద్దవయసు కదా.” తలుపు సగమే తెరిచి ఉంది. అతని చెయ్యి దాని మీదే ఉంది.

“గుడ్డ తెచ్చిందా?” లోపలి నుంచి గొంతు.

అతను ఒక్క క్షణం కదలలేదు. తర్వాత పక్కకు జరిగాడు.

గదిలో కిటికీలు మూసి ఉన్నాయి. కుట్టుమిషను మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. టైలరమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. కొత్తమ్మాయి వచ్చినవైపు తల తిప్పింది గానీ ఆమె చూపు పక్కకు పడింది. ముఖం మీద కళ్ళజోడు లేదు.

“దగ్గరికి రా అమ్మాయ్. టేపు ఆ డబ్బాలో ఉంది, ఇటియ్యి.” లేచింది. “ఒరేయ్, నువ్వు అవతలికి వెళ్ళు.”

“నేను చూడను లే పెద్దమ్మా. ఫోన్ చూసుకుంటా ఉంటా.” అతను కుర్చీలో కూర్చున్నాడు.

“ఆడపిల్ల కొలతలురా. నా కొట్టు నడిచినన్నాళ్ళూ మగపురుగు లోపల నిలబడలేదు. మీ నాన్న కూడా మీ అమ్మ కోసం వీధిలో ఎండలో నిలబడ్డాడు. నువ్వు అంతకన్నా మొనగాడివా?”

అతను కొత్తమ్మాయి వంక చూశాడు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. అది సిగ్గులా కనబడింది కాబోలు, అతను నవ్వి లేచాడు. వంటగదికి తలుపు లేదు, పరదా ఉంది. పరదా వెనక్కి వెళ్ళాడు. పరదా కింద అతని కాళ్ళు కనబడుతున్నాయి. వేళ్ళు ఇటువైపే ఉన్నాయి.

“ఒరేయ్, కాగితం, పెన్ను తీసుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఒక్క అంకె తప్పినా కోటు సంచి అవుతుంది,” అంది టైలరమ్మ.

“రాస్తా పెద్దమ్మా.”

కాళ్ళు కదిలాయి. పక్కకు, వంటగట్టువైపు తిరిగాయి.

టైలరమ్మ టేపు కొత్తమ్మాయి భుజాల మీద వేసింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

“భుజం పదహారు!” గట్టిగా చెప్పింది.

కొత్తమ్మాయి తల వంచి చూసింది. టేపు మీద పద్నాలుగు ఉంది. టైలరమ్మకు అంకె కనబడటం లేదు. నోటికొచ్చింది చెబుతోంది.

“కళ్ళజోడు ఏమైందమ్మా?” గుసగుసగా అడిగింది.

“రిపేరుకిచ్చాడట, మీ ఆఫీసు నుంచి వచ్చిన రోజే.” అదే గుసగుసలో జవాబు. “చెయ్యి పొడవు ఇరవై మూడు!”

“రాశా,” అన్నాడు అతను.

ఇప్పుడు అడగాలి. సరిగ్గా అడగాలి. నాలిక చివర ‘బెదిరించాడా?’ అన్న మాటే ఉంది. మింగేసింది.

“గురువారం నేను ఫోన్ చేసినప్పుడు ఏం జరిగిందమ్మా?”

టైలరమ్మ ఆమె వెనక్కి వెళ్ళింది. వీపు మీద టేపు పెట్టి, చెవి దగ్గరకు వంగింది.

“‘బల్ల కొట్టినప్పుడల్లా అవునను’ అన్నాడు. అలా అంటే సాయంత్రం తలుపు తీస్తానన్నాడు. వీధి చూసి ఎన్నాళ్ళయిందో.” ఊపిరి పీల్చుకుంది. “వీపు పదిహేడు!”

“తీశాడా?” అని అడిగేసింది. పాత అలవాటే. జవాబు రాలేదు.

“పెద్దమ్మా, ఏమన్నావ్?”

“పదిహేడు అన్నానురా! చెవుడు నాకా నీకా?”

పరదా వెనక నవ్వు. ఆ నవ్వు ఆగేదాకా ఇద్దరూ కదలలేదు.

“ఆ డబ్బు ఎవరికి వెళ్ళాలమ్మా?”

“ఎవరికీ వద్దు. నాది నాకుండనీ.” టైలరమ్మ వేళ్ళు ఆమె మణికట్టు పట్టుకున్నాయి. “కానీ ఆపమని నేను చెప్పానని తెలిస్తే... నువ్వు వెళ్ళిపోతావ్ అమ్మాయ్. నేను ఇక్కడే ఉంటా.”

కొత్తమ్మాయికి అప్పుడు తెలిసింది తను ఏం చేయగలదో. గురువారం తను చేసిన పొరపాటు తప్ప చేతిలో ఇంకేం లేదు.

“మీరు చెప్పారన్న మాట రాదు. ఫోన్‌లో నేను తప్పుగా అడిగాను. అందుకని అంతా మళ్ళీ చేయాలి, మీరు ఆఫీసుకు రావాలి. అలా చెబుతాం. తప్పు నాదే, మీది కాదు. ఆఫీసుకొస్తే గదిలో మిమ్మల్ని ఒక్కరినే కూర్చోబెడతాం.”

“నీ పాసు?”

“అది నా సంగతి.”

టైలరమ్మ టేపు చుట్టింది. “ఫెయిలైనదానికి కోటెందుకే మరి?” అంది. “నడుము పదహారున్నర! అయిపోయింది, రారా!”

పరదా తొలగింది. అతను కాగితం పట్టుకుని వచ్చాడు. అంకెలు వరసగా, పొందికగా రాశాడు. కొత్తమ్మాయి సంచి తీసుకుని గుమ్మం దాటింది. అతను వెంట వచ్చాడు. మెట్ల మీద ఆమెకన్నా ఒక మెట్టు పైన ఆగాడు.

“మేడమ్, నాకు ఈ కొలతలు తెలియవు గానీ... మీ భుజం పదహారు, నడుము పదహారున్నరా?”

చీకట్లో అతని ముఖం కనబడలేదు. కాగితం తెల్లగా కనబడింది.

“అందుకేనండి కుట్టించుకోవడం,” అంది. “షాపులో నా సైజు ఎక్కడ దొరుకుతుంది?”

అతను వెంటనే నవ్వలేదు. ఆమె చెయ్యి గోడ మీద ఉంది, గోడ తడిగా తగిలింది, చెమట తనదే. తర్వాత నవ్వాడు. “జాగ్రత్తగా దిగండి,” అన్నాడు. ఆమె వీధిలోకి వచ్చేలోగా పైన తలుపు గడియ పడిన చప్పుడు వినబడింది.

సైకిళ్ళ షాపు దాటింది. బస్టాపు బల్ల మీద కూర్చుని ముందు భర్తకు, తర్వాత మేష్టారికి ఫోన్ చేసింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు.

“పోలీసుల్ని పిలవమంటారా?” అని అడిగింది.

“పోలీసులు ఇప్పుడు తలుపు కొడితే, అతని పక్కన నిలబడి ఆవిడ ఏమంటుంది?”

కొత్తమ్మాయి ఆలోచించింది. “బాగానే ఉన్నానంటుంది.”

“మరి ఆవిడ బయటికి ఎలా వస్తుంది?”

“అతనే తీసుకొస్తాడు. డబ్బు కావాలి కదా.”

“నిన్న సాయంత్రం నీకు తెలుసా ఇదంతా?”

ఆయన నోట అవును అనగలిగిన ప్రశ్న వినడం ఆమెకు అదే మొదటిసారి.

“అవునండీ,” అంది. “సగం తెలుసు.”

“నీ ఫోను చెల్లదని ఇప్పుడే కంప్యూటర్‌లో పెడుతున్నా. కేసు లెక్కలోకి రాదు. ఈ నెలకి నీ పని అయిపోయింది.”

“తెలుసు.”

“పెద్దవాళ్ళ సంక్షేమం చూసే ఆఫీసరమ్మ ఒకరు నాకు తెలుసు. పక్కగదిలో కూర్చోబెడతా. కింద ఒక పోలీసు కూడా ఉంటాడు. ఆ తలుపు దాకా ఆవిడ రావాలి. తర్వాత సంగతి మనది.”

సోమవారం పొద్దున్న ఆఫీసు నుంచి అతనికి సమాచారం వెళ్ళింది. సలహాదారు పొరపాటు వల్ల బదిలీ నిలిచింది, ఖాతాదారు బుధవారం స్వయంగా రావాలి. పది నిమిషాలు కాలేదు, కొత్తమ్మాయి ఫోను మోగింది.

“మేడమ్, పొరపాటు మీదేనా?”

“అవునండి.”

“మీకు ఇంకా సర్టిఫికెట్ రాలేదటగా?”

“అవునండి.”

“నేర్చుకునేవాళ్ళు మా పెద్దమ్మ మీదే నేర్చుకోవాలా?” గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది ఆమెకు. “శనివారం పెద్దమ్మ మీకేమన్నా చెప్పిందా?”

ఆమె ఎదురుగా గోడ మీద క్యాలెండరు ఉంది. దాన్ని చూస్తూ ఉంది.

“కొలతలు చెప్పారండి. మీరు రాశారుగా.”

అవతల బల్ల మీద వేలి చప్పుడు. ఒకటి. ఆగి, ఇంకొకటి.

“మీరుండేది బడిబస్సుల షెడ్డు వెనకే కదా?”

“అవునండి,” అంది.

“మంచిది. బుధవారం కలుద్దాం.”

ఆ రెండు రాత్రులూ ఆమె భర్త ఇంటి తలుపుకు అడ్డంగా బస్సు టైరు ఒకటి దొర్లించి పెట్టాడు. “దొంగొస్తే పంక్చరవుతాడు,” అన్నాడు. అతనూ పడుకోలేదు.

మంగళవారం ఆఫీసులో ఆమె బల్ల మీద కాగితాలు సర్దుకుంది. శిక్షణ ఒప్పందం అయిపోతే బల్ల ఖాళీ చేయాలి. టీ తెచ్చే పళ్ళెం మాత్రం అక్కడే వదిలేసింది. పళ్ళ డాక్టరు తన పాత జాగాలో ఇంకొకరిని పెట్టుకున్నాడని విన్నది. అదేమీ ఆ రోజు మనసుకు పట్టలేదు. ఒకే ఒక్క ఆలోచన. రేపు అతను ఒక్కడే వస్తే? పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదని కాగితం పట్టుకొస్తే? ఆ కొలతలు మళ్ళీ కూర్చుని చూసుకుంటే?

బుధవారం ఆమె కిటికీ దగ్గర నిలబడింది. చెప్పిన వేళ దాటింది. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. ఎవరూ దిగలేదు. ఇంకొకటి వచ్చింది. మేష్టారు వెనక నుంచి, “కూర్చో,” అన్నారు. కూర్చోలేదు.

మూడో బస్సు నుంచి ముందు అతను దిగాడు. తర్వాత చెయ్యి పైకి చాచాడు. టైలరమ్మ దిగింది. దిగి అక్కడే నిలబడి ముఖం వీధివైపు తిప్పింది. అతను మోచెయ్యి పట్టుకుని నడిపించాడు.

గదిలోకి వచ్చాక అతను మొదటిలాగే కుర్చీ లాగాడు. నీళ్ళ గ్లాసు జరిపాడు. సంచి తెరిచి, “ఈసారి మూడేసి కాపీలు తెచ్చానండి,” అన్నాడు.

మేష్టారు కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాలు ఒక్కొక్కటే చూశారు. తీరుబడిగా చూశారు. “అన్నీ ఉన్నాయి. మీ ఫొటో లేదు. డబ్బు అందుకునేవాళ్ళ ఫొటో కావాలి.”

“మొన్న అడగలేదే?”

“మొన్న చేసింది నేర్చుకునేవాళ్ళు కదా,” అన్నారు మేష్టారు. “ఏం చేస్తాం చెప్పండి? కింద షాపులో అయిదు నిమిషాల్లో తీసిస్తారు. ఈలోగా ఆవిడ సంతకాలు ఎక్కడ పెట్టాలో ఈ అమ్మాయి గుర్తులు పెడుతుంది. మీరు రాగానే పెట్టించేద్దాం.”

అతను కొత్తమ్మాయిని చూశాడు. ఆమె తల వంచుకుంది. తిట్లు తిన్న మనిషిలా కనబడాలని వంచుకుంది. అతను పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి, వేలితో రెండుసార్లు తట్టాడు. “ఇప్పుడే వస్తా,” అని వెళ్ళాడు.

అడుగులు మెట్లు దిగాయి. మేష్టారు లేచి తలుపు గడియ వేశారు. పక్కగది తలుపు తెరిచారు. ఆఫీసరమ్మ వచ్చి గోడవారన కూర్చుంది.

మేష్టారు కొత్తమ్మాయి వంక చూసి, తను కూర్చునే కుర్చీ చూపించారు. ఆమె అందులో కూర్చుంది. టైలరమ్మ చేతులు రెండూ బల్ల మీద ఉన్నాయి.

“నేను కోటు అమ్మాయినమ్మా, ఆకుపచ్చ గుడ్డ కొన్నదాన్ని. ఇక్కడ అతను లేడు. తలుపు గడియ వేశాం. మీ మాటల్లో చెప్పండి. మీకు ఏం కావాలి?”

టైలరమ్మ నోరు తెరిచింది. ఆమె కళ్ళు బల్ల మీద దేన్నో వెతికాయి. చప్పుడు కోసం చూస్తున్నట్టుంది. ఎవరూ కొట్టలేదు.

కొత్తమ్మాయికి సాయం చేయాలనిపించింది. ‘ఇంటికి వెళ్ళడం ఇష్టం లేదా?’ అంటే చాలు, తల ఊపుతుంది. ఆ ప్రశ్న పళ్ళ వెనక దాకా వచ్చింది. పళ్ళు బిగించి పట్టుకుంది. కింద షాపు షట్టరు చప్పుడయింది. ఆఫీసరమ్మ గడియారం చూసింది.

“నేను,” అంది టైలరమ్మ. ఆగింది. “నేను ఇవాళ వాడితో ఇంటికి వెళ్ళను. నా డబ్బు వాడికి ఇవ్వను. నా కళ్ళజోడు నాకు ఇప్పించండి. తలుపుకి ఆ కొక్కెం ఊడబీకండి.” మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. “నా మిషను మీద వాడి పెట్టెలు తీసేయండి.”

కొత్తమ్మాయి ఆ మాటలు అదే వరసలో రాసింది. ఆఫీసరమ్మ ఫోన్ తీసి కిందున్న పోలీసుకు ఒక మాట చెప్పింది.

మెట్ల మీద అడుగులు. అయిదు నిమిషాలు కాలేదు. ఫొటో తీయించుకుని ఉండడు. అడుగులు తలుపు దగ్గర ఆగాయి. పిడి తిరిగింది. తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ తిరిగింది.

“పెద్దమ్మా?” గొంతు మామూలుగానే ఉంది. “అయిపోయిందా?”

తలుపు మీద వేలి చప్పుడు. ఒకటి. ఆగి, ఇంకొకటి.

టైలరమ్మ బల్ల మీదుగా చెయ్యి చాచి కొత్తమ్మాయి మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. తలుపువైపు తిరగలేదు.

“కాలేదు,” అంది.